రెట్టింపు రోజులు

తెలుక్ ఆన్సన్,
1956 నవంబరు 20

చిరంజీవి గోపాలసామికి మీ మామ్మ పాపాయి దీవించి రాసేది. మోకాళ్ళు తప్ప మిగతా నేనంతా బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఏలికి ఏటైనా తగిలిందా? తగిలినా నువ్వు సెప్పవు. మీ తాత కూడా సెప్పేవాడు కాదు, సొక్కా విప్పినప్పుడు నేను సూసుకోవలసిందే. ఆ లేతు మిషను దగ్గర సొక్కా సేతులు పైకి మడిసి పెట్టుకో. పక్కింటి జయమణి టీచరమ్మ సెప్పింది, ఎవరిదో సొక్కా అంచు పట్టుకుని మిషను మనిషినే లోపలికి లాగేసిందంట. ఆ మాట ఇన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

నీకు పాలడబ్బా పంపుదామని కెడై కొట్టుకి ఎల్లినాను. ఇప్పుడు రూలు ఏటంటే అమ్మేటప్పుడే డబ్బాకి సిల్లు పొడిసి ఇవ్వాలంట, అడివిలో దాక్కుని సర్కారు మీద కాలుస్తున్న కమ్యూనిస్టోళ్ళకి ఎవరూ మొయ్యకుండా. "నా మోకాళ్ళు సూసినావా, నేను అడివికి పాలు మోసేదాన్నా?" అని అడిగినాను. కొట్టాయన నవ్వి సిల్లు పొడిసే ఇచ్చినాడు. సిల్లు డబ్బా ఇపో దాకా వస్తాదా? నేనే తాగినాను. కోపంతో తాగినాను గనక ఒంటికి పట్టలేదు.

మూడేళ్ళ పని నేర్సుకోడం అయిపోయిందని, ఏదో ఉక్కు ముక్కతో పరీచ్చ పెట్టినారని రాసినావు. ఉక్కు ముక్కతో పరీచ్చ ఏటి? అర్థమయ్యేలాగ రాయి.

మామ్మ

*

ఇపో,
1956 డిసెంబరు 3

మామ్మకి దండాలు.

వేళ్ళు పదీ ఉన్నాయి, లెక్కపెట్టి రాస్తున్నాను.

పరీక్ష ఇది. ఒక ఉక్కు ముక్క ఇచ్చి, మిషను ముట్టుకోకుండా, ఆకురాయితో చేత్తో అరగదీసి ఆరు వైపులూ సమానంగా ఉండే దిమ్మ చేయమన్నారు. ఇంకో ఉక్కు పలకలో చదరపు కన్నం కోయాలి. దిమ్మని ఎటు తిప్పి దూర్చినా సరిగ్గా దూరాలి, సందులోంచి వెలుతురు కనబడకూడదు. నాలుగు రోజులు అరగదీసినాను. మా ఫోర్‌మన్ మెక్‌అలిస్టర్ దొర దాన్ని అన్ని వైపులా తిప్పి దూర్చి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయినాడు. ఆయన ఏమీ అనకపోతే బాగుందని అర్థం. మా పన్నెండుమందిలో నేను ఫస్టు. నా పక్క బల్ల మారియప్పన్ సెకండు.

ఇప్పుడు అసలు సంగతి. టూల్ రూమ్‌లో రెండేళ్ళ పై ట్రైనింగుకి మమ్మల్ని తీసుకుంటారంట. మిగతా మిషన్లకి కావలసిన పనిముట్లూ అచ్చులూ గేర్లూ తయారయ్యే చోటు అది. తగరం తవ్వే డ్రెడ్జీలకి గేర్లు ఇన్నాళ్ళూ ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చేవి. ఇక ఇక్కడే కోస్తారు. ఇక్కడ పుట్టినవాళ్ళని ఈ వర్క్‌షాపు టూల్ రూమ్‌లోకి రానివ్వడం ఇదే మొదలు. నేను ఇంతకన్నా ఏదీ కోరుకోలేదు మామ్మా.

నాకు ఇరవై ఒకటి నిండలేదు గనక పెద్దవాళ్ళ సంతకం కావాలి. ఒప్పందం కాయితం నీ పేరున రిజిస్టర్ టపాలో పంపినారు. అది 31లోపు ఇక్కడికి తిరిగి రావాలి. సంతకం పెట్టి పంపు, అంతే.

గోపాలసామి

*

తెలుక్ ఆన్సన్,
1956 డిసెంబరు 18

చిరంజీవి గోపాలసామికి,

నువ్వు ఫస్టు వచ్చినందుకు సుబ్రమణ్యసామికి కొబ్బరికాయ కొట్టించినాను. దిష్టి తగులుతాదని ఎవరికీ సెప్పలేదు, జయమణికి తప్ప. ఆవిడ వీధంతా సెప్పింది.

కాయితం ఏదీ రాలేదు. టపా సంగతి నీకు తెలుసు కదా. దారిలో లారీల్ని ఆపి సోదా సేస్తున్నారు, మొన్న ఒక బస్సు తగలబెట్టినారని కూడా అన్నారు. అందులో ఉందేమో. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక కాయితం ఎంత, మనుసులే సేరడం లేదు.

రాకపోతే ఏటైంది? మూడేళ్ళు నేర్సుకున్నావు. ఫిట్టరు పని సేతిలో ఉంది. ఇక్కడ రైసు మిల్లులో ఫిట్టరు కావాలంట. ఇంటి అన్నం తినొచ్చు.

ఒక్క మాట అడుగుతాను. ఆ కాయితంలో ఏటి రాసుంటాదో నువ్వు ఎప్పుడైనా సదివినావా?

మామ్మ

*

ఇపో,
1957 జనవరి 20

మామ్మకి,

పదకొండుమంది టూల్ రూమ్‌లోకి వెళ్ళినారు. మారియప్పన్ కూడా. ఫస్టు వచ్చిన నేను పోతపోసిన ఇనుము గరుకు తీసే షెడ్డులో ఉన్నాను. ముక్కులోంచి నల్లగా వస్తోంది. "మీ ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదనుకున్నాము" అన్నాడు మెక్‌అలిస్టర్ దొర. "ఇష్టం లేకపోవడం కాదు సార్, టపావాళ్ళు పోగొట్టినారు" అని నేను అందరి ముందూ గట్టిగా వాదించినాను. ఊరుకోలేదు. టపా ఆఫీసు మీద ఫిర్యాదు రాసినాను. వాళ్ళని దొంగలన్నాను.

నిన్న జవాబు వచ్చింది. కవరు నవంబరు 28న తెలుక్ ఆన్సన్‌లో ఇచ్చేసినారంట. తీసుకున్నవాళ్ళ సంతకం ఉన్న చీటీ కూడా జతచేసి పంపినారు. తెలుగు అక్షరాలు. 'పాపాయి' అని. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే. నీ 'ప' నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

రెండో బ్యాచి సెప్టెంబరులో. అప్పటిదాకా షెడ్డులో ఉండాలి. అప్పుడైనా తీసుకుంటారో లేదో. ఎందుకు నా నోటి దగ్గర కూడు లాగేసినావు? నాకు ఇంకెవరున్నారని నువ్వే ఇలా చేసినావు?

గోపాలసామి

*

తెలుక్ ఆన్సన్,
1957 జనవరి 28

గోపాలసామికి,

అవును, సంతకం నాదే. టపా ఆయన ఎదురుగా నిలబడి ఉంటే అబద్దం ఆడలేక పెట్టినాను. నీకు మాత్రం ఉత్తరంలో ఆడినాను. తప్పే. కానీ ఎందుకని అడిగినావు గనక ఇను.

కవరు వచ్చిన రోజే జయమణి సేత సదివించినాను. ఆవిడ ఇంగ్లీసు సదివి అరవంలో సెప్పుకుంటూ వచ్చింది. ఒక సోట నేను ఆపినాను. 'పనివాడు సెలవు లేకుండా మానిన ప్రతి రోజుకీ రెండు రోజులు గడువుకి కలపబడును.' ఇంకోసారి సదవమ్మా అన్నాను. సదివింది. "టీచరమ్మా, ఇది ఏ కాలం కాయితం?" అన్నాను. "ఈ సంవత్సరందే, ఏమి?" అంది.

ఏమి అంటే ఇది. మా అయ్య ఇక్కడి తోటల పనికి ఓడెక్కేటప్పుడు ఇశాపట్నంలో ఏజెంటు ముందు ఏలిముద్ర ఏసిన కాయితంలో ఇదే మాట. గడువు మూడేళ్ళు. జరం వచ్చి పడుకుంటే మానినట్టే. పాము కరిసిన తమ్ముణ్ణి ఆసుపత్రికి మోసుకెల్తే మానినట్టే. నేను పుట్టిన రోజు మా అమ్మ దగ్గర కూకుంటే అదీ మానినట్టే. రోజుకి రెండు. మూడేళ్ళు ఏడేళ్ళయినాయి. నేను పుట్టి ఆయన్ని రెండు రోజులు ఎక్కువ కట్టేసినానని నవ్వుతా సెప్పేవాడు. నాకు నవ్వు రాలేదు ఎప్పుడూ. మీ నాయినకి జపానోళ్ళు మూడు నెలలే అన్నారు, సయాం రైలు పనికి. పద్నాలుగేళ్ళయింది, తిరిగి రాలేదు. ఇప్పుడు నీకు రెండేళ్ళంటున్నారు. ఈళ్ళ లెక్కలు నేను నమ్మాలా? కొత్త మిషన్లు తెచ్చుకున్నారు, కొత్త పని నేర్పుతామన్నారు, మనిషిని కట్టే తాడు మాత్రం మా అయ్య నాటిదేనా? మార్చుకోవడానికి ఆళ్ళకి తీరిక లేకపోయిందా?

ఇంకా ఉంది. అనుమానం వచ్చి మీ తాత రేకుపెట్టె తీసినాను. అడుగున నీ మొదటి కాయితం నకలు ఉంది. అదే లైను. కింద కాంతయ్య అని ఆయన సంతకం. రబ్బరు తోటలో ముప్పై ఏళ్ళు కిరాణి పని, కూలోళ్ళ లెక్కలు రాసే గుమస్తా పని సేసినాడు, ఇంగ్లీసు వచ్చు, సదివే పెట్టినాడు. నాకు సెప్పలేదు. రెండేళ్ళ కిందట పోయిన మనిషితో ఎలా పోట్లాడాలో తెలీక ఆ రోజు పటానికి పూలు పెట్టలేదు. ఇప్పటికీ పెట్టలేదు.

నీకు నేను సెప్పకుండా దాసడం తప్పు. సంతకం పెట్టకపోవడం మాత్రం తప్పు కాదు.

మామ్మ

*

తెలుక్ ఆన్సన్,
1957 మార్చి 25

చిరంజీవి గోపాలసామికి,

ఇది మూడో ఉత్తరం. రెండింటికి జవాబు లేదు. కోపం ఉంటే ఉండనీ. కోపంగా ఉన్నానని ఒక్క ముక్క రాసి పడేస్తే బతికి ఉన్నావని తెలుస్తాది కదా. ఆ షెడ్డులో ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. ఊరికే గుడ్డ కాదు, తడిది.

మామ్మ

*

ఇపో,
1957 మే 12

మామ్మకి దండాలు.

గుడ్డ కట్టుకుంటున్నాను. తడిదే.

నీ మీద కోపం పోలేదు. అది అలాగే ఉంది. అయినా ఈ సంగతి రాయడానికి నువ్వు తప్ప నాకు మనిషి లేదు.

మారియప్పన్ తల్లికి బాగులేదని కబురు వచ్చి, ఏప్రిల్‌లో ఒక శనివారం ఆమె ఉండే రబ్బరు తోటకి వెళ్ళినాడు, ఆదివారం వచ్చేస్తానని. ఆ సాయంత్రమే దగ్గర రోడ్డు మీద కాల్పులు జరిగి తోటంతా కర్ఫ్యూ పెట్టినారు. ముళ్ళకంచె గేటు మూసేసినారు. తల్లి మర్నాడే పోయింది. కాష్ఠానికి కూడా పోలీసుల మధ్యనే తీసుకెళ్ళినారంట. వాడు బయటపడేసరికి తొమ్మిది పని రోజులు పోయినాయి. కర్ఫ్యూ చీటీ తెచ్చి చూపించినాడు, ఇనస్పెక్టరు సంతకంతో. వర్క్‌షాపు పెద్ద దొర చూసి, "ఇది పోలీసు చీటీ, మా సెలవు చీటీ కాదు" అన్నాడు. పద్దెనిమిది రోజులు కలిపినారు. తల్లికి దహనం చేసిన రోజుకి కూడా రెండు.

ఆ సాయంత్రం ఆఫీసు గుమస్తా లెచ్చుమనన్ అన్నని బతిమాలి నా పాత కాయితం తీయించుకుని చదివినాను. తాత సంతకం చూసినాను. నువ్వు రాసిన లైను చూసినాను. మూడేళ్ళు దాని కింద పని చేసినాను మామ్మా, ఒక్కసారి చదవలేదు. ఉక్కుని అంగుళంలో వెయ్యో వంతు దాకా కొలిచేవాణ్ణి.

సెప్టెంబరు బ్యాచికి ఆరుగురం ఉన్నాము. ఆ లైను కొట్టేయమని ఆరుగురమూ పేర్లు పెట్టి పెద్ద దొరకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాము. ఏమంటావు?

గోపాలసామి

*

తెలుక్ ఆన్సన్,
1957 మే 19

చిరంజీవి గోపాలసామికి,

నీ ఉత్తరం సదివి పొయ్యిలో పెట్టినాను.

ఒరే, నీకు మతి ఉందా? ఆరు పేర్లు ఒక కాయితం మీద ఉంటే పోలీసోడు దాన్ని ఉత్తరం అనడు. లిస్టు అంటాడు. మన వీధి శివగామి కొడుకు పేరు ఏదో యూనియను కాయితం మీద దొరికిందని పట్టుకెల్లి పద్నాలుగు నెలలు ఉంచినారు. ఆడు అడివి మొహం ఎరగడు, కుట్టుమిషను తొక్కేవాడు. తిరిగి వచ్చినాక ఎవరు తలుపు కొట్టినా దొడ్డి దారిన పోతాడు. పేర్లు రాయొద్దు. నా మీద ఒట్టు.

మారియప్పన్ సంగతి సదివి నాకు రెండు రోజులు ఒళ్ళు మండిపోయింది. కర్ఫ్యూ పెట్టింది సర్కారు. గేటు మూసింది సర్కారు. మానింది మాత్రం ఆడా? తల్లి సచ్చినోడికి లెక్కేసి రెట్టింపు రాసిన సెయ్యి ఎవరిదో, ఆ సెయ్యి అన్నం ఎలా కలుపుకుంటాదో సూడాలని ఉంది.

అందుకని ఆలోసించినాను. నేను సంతకం పెట్టలేదు. నన్ను ఎవరైనా పట్టుకెల్లినారా? పెట్టకపోవడం నేరమని ఏ సట్టంలో ఉంది? మీకు పెద్దోళ్ళ సంతకం కావాలన్నది ఆళ్ళే. అయితే ఆరుగురి పెద్దోళ్ళమూ పెట్టము. ఉత్తరం వద్దు, లిస్టు వద్దు, కేకలు వద్దు. కాయితం వస్తాది, ఇంట్లోనే ఉంటాది. ఎవరైనా అడిగితే, ముసలోళ్ళం, ఆ లైను మాకు అర్థం కాలేదని సెబుతాము. ఆరు ఇళ్ళల్లోనూ అదే లైను అర్థం కాకపోతే ఆళ్ళకే అర్థమవుతాది.

ఆ అయిదుగురికీ నోటితో సెప్పు. కాయితం మీద పెట్టకు.

ఇలా సెబుతున్నానే గానీ, రాత్రి తలుపు గొళ్ళెం రెండుసార్లు లేసి సూసుకున్నాను.

మామ్మ

*

తెలుక్ ఆన్సన్,
1957 ఆగస్టు 14

చిరంజీవి గోపాలసామికి,

నిన్న మీ వర్క్‌షాపు గేటు దగ్గర నీతో అయిదు నిమిషాలే మాటాడనిచ్చినారు, అందులో నాలుగు నువ్వు సిక్కిపోయినావని అనడానికే సరిపోయినాయి. లోపల ఏటి జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు ఫస్టు వచ్చినోడివి గనక, కాయితం మళ్ళీ రాలేదని ముందు నన్నే పిలిపించినారు. బస్సులో మూడు సోట్ల దింపి సంచి ఎతికినారు. ఆఫీసులో పెద్ద దొర, మీ మెక్‌అలిస్టరు, లెచ్చుమనన్ ఉన్నారు. కూర్సోమన్నారు. కూర్సోలేదు. కూకుంటే నా మోకాళ్ళు మళ్ళీ లేవవు, ఆళ్ళ ముందు ఎవరో పట్టుకుని లేపాలి.

పెద్ద దొర ఏదో అన్నాడు. లెచ్చుమనన్ తల దించుకుని, మామ్మని పిలిసినట్టు పాటీ అంటా, అరవంలో సెప్పినాడు: "పాటీ, మీకు చదువు రాకపోతే బొటనవేలు చాలంట."

"సదువు వచ్చని సెప్పు. మూడో క్లాసు. అందుకే సంతకం పెట్టలేదని సెప్పు."

లెచ్చుమనన్‌కి నవ్వు వచ్చింది, దగ్గినట్టు మార్సినాడు.

"ఈ రూలు ఎప్పటినుంచో ఉందంటున్నారు పాటీ."

"ఎప్పటినుంచో నాకు తెలుసని సెప్పు. మా అయ్యని దీంతోనే కట్టేసినారు. ఊరంతా మెర్డేకా, సొతంత్రం అని జెండాలు కడుతున్నారు కదా, ఆ జెండాలు ఈ లైనుకి అడ్డం రాలేదా అని అడుగు."

అది పూర్తిగా సెప్పినాడో లేదో నాకు తెలీదు. శానా పొట్టిగా సెప్పినాడు.

అప్పుడు మెక్‌అలిస్టరు లేసి పెద్ద దొర సెవిలో మాటాడినాడు. పెద్ద దొర నేను తెచ్చిన నీ కాయితం ముందుకి లాక్కుని, ఆ లైను మీద సిరాతో గీత కొట్టి, పక్కన తన పొట్టి సంతకం పెట్టినాడు. కలం నాకు ఇచ్చినాడు.

నిజం రాస్తున్నాను గోపాలూ. కలం తీసుకున్నాను. నాకు కావలసింది అదే కదా. నా మనవడొక్కడు బయటపడితే సాలనే వచ్చినాను. కాయితం మీద నిబ్బు ఆనించినాను కూడా, సుక్క పడింది, సూడు. అప్పుడు అడిగినాను, "మిగతా అయిదుగురికి?"

"అది వాళ్ళ ఇళ్ళ సంగతంట పాటీ. మీవాడు ఎవరికీ చెప్పకూడదంట."

ఆ అయిదుగురూ రెండేళ్ళు నీ పక్కనే పని సేస్తారు. ఒకడికి జరం వచ్చి మానితే ఆడికి రెట్టింపు, నీకు లేదు. నువ్వు ఆడి మొహం ఎలా సూస్తావు? మీ తాత ముప్పై ఏళ్ళు కూలోళ్ళ మొహాలు సూడలేక పుస్తకంలోకి సూసుకుంటా బతికినాడు. నాకు తెలుసు, ఆయన పక్కన పడుకున్నదాన్ని.

"ఇంటికెల్లి సదువుకుంటానని సెప్పు" అని కాయితం మడిసి రవికలో పెట్టుకుని వచ్చేసినాను.

పోయినసారి కాయితం బియ్యం డబ్బా కింద దాసినాను. ఈసారి వచ్చిన మర్నాడే నీకు పంపుతున్నాను. ఈ కవరులోనే ఉంది. నా సంతకం సోటు కాళీ. నువ్వు పెట్టమంటే తిప్పి పంపు, ఆ రోజే పెడతాను, గొణగను. వద్దంటే వద్దు. టూల్ రూమ్ నీది, సేతులు నీవి. నీ బదులు భయపడడం నా పని గానీ, నీ బదులు తేల్సడం కాదు.

మామ్మ

*

ఇపో,
1957 సెప్టెంబరు 9

మామ్మకి దండాలు.

నీ కాయితం మేము ఆరుగురమూ చూసినాము. మిగతా అయిదు ఇళ్ళల్లోనూ కాయితాలు ఉత్తవే ఉన్నాయి. లోపల పెద్ద ఆర్డరు వచ్చింది, డ్రెడ్జి గేర్లు ఓడలో తెప్పించుకునే టైము లేదు, పని తెలిసిన చేతులు కావాలి. అది మాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు.

మెర్డేకా సెలవులు అయిపోయిన మర్నాడు నేను ఒక్కణ్ణే మెక్‌అలిస్టర్ దొర దగ్గరికి వెళ్ళి నీ కాయితం బల్ల మీద పెట్టినాను. "సార్, దీంట్లో కొట్టిన గీత ఇంకో అయిదింటికి కూడా సరిపోతుంది" అన్నాను. గీతనీ పక్కన సంతకాన్నీ చూసినాడు. "ఆ ముసలావిడ నేర్పిందా?" అన్నాడు. "అక్షరాలు కూడా ఆమే నేర్పింది సార్" అన్నాను. కాయితం తీసుకుని పెద్ద దొర గదిలోకి వెళ్ళినాడు. లోపల గట్టిగా మాటలు వినబడినాయి. మూడో రోజు ఆరు కాయితాలకీ గీత కొట్టి ఇచ్చినారు. పాత కాయితాలు పాతవే అన్నారు.

పని తొందర గనక సంతకాలకి ఆగకుండా ఈ సోమవారమే టూల్ రూమ్‌లో పెట్టినారు. మామ్మా, అక్కడ నేల మీద చెప్పులతో నడవడానికే నాకు మనసు ఒప్పలేదు. నాకు ఇచ్చిన మొదటి పని గేరు పళ్ళు. నిలువెత్తు చక్రానికి చుట్టూ తొంభై ఆరు పళ్ళు. మొదటి పన్ను కోసినప్పుడు తప్పు కొంచెం ఉన్నా, అది చుట్టూ తిరిగి తొంభై ఆరోదానికి వచ్చేసరికి అంతా పోగై అక్కడ పట్టదు. అందుకని ముందు లెక్క, తరవాత కోత. రోజంతా లెక్కే చేసినాను. ఇంకా మూడు పేజీలు రాయగలను.

కాయితం పంపుతున్నాను. ఇప్పుడు సంతకం పెట్టు మామ్మా.

నీ మీద కోపం ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు.

గోపాలసామి

*

తెలుక్ ఆన్సన్,
1957 సెప్టెంబరు 14

చిరంజీవి గోపాలసామికి,

సంతకం పెట్టినాను. జయమణి సేత మొదటి అక్షరం నుంచి ఆఖరి దాకా రెండుసార్లు సదివించుకుని పెట్టినాను. ఆవిడకి గొంతు ఎండిపోయింది, కాఫీ ఇచ్చినాను. నిలువెత్తు చక్రమంటే మీద పడదు కదా? దాన్ని దేనితో కట్టినారు? ఎవరు కట్టినారు? రాయి.

ఇక అసలు మాట. గేరు పళ్ళ గురించి అంత రాసినావు. 'పాత కాయితాలు పాతవే అన్నారు' అని మాత్రం ఒక్క లైనులో రాసి దాటిపోయినావు. పాత కాయితం అంటే మారియప్పన్‌దే కదా? జనవరిలో ఎల్లిన పదకొండుమందీ ఆ లైను కిందే ఉన్నారు కదా? గీత కొట్టిన దొర ఆ రూలు తప్పని తన సేత్తో ఒప్పుకున్నాడు. తప్పయితే సెప్టెంబరులో తప్పు, ఏప్రిల్‌లో ఒప్పు ఎలా అవుతాది? తల్లిని కాల్సుకున్న రోజుకి రెండు రోజులు ఇంకా ఆడి మెడకి అలాగే ఉన్నాయి, మీరు ఆరుగురు గీత కొట్టించుకుని లోపలికి ఎల్లిపోయినారు. ఆడి పక్క బల్ల దగ్గరే నిలబడి లెక్కలు సేస్తున్నావు. ఆ లెక్క సేసినావా?

నిన్ను తిట్టడం లేదు. నీకు కావలసింది దొరికింది, కాసేపు కళ్ళు మూసుకుపోతాయి, నాకూ ఆ కలం సేతిలో ఉన్నప్పుడు అలాగే అయింది. కానీ నాకు ముద్ద దిగడం లేదు. ఇన్నాళ్ళూ నీకు ఏటవుతాదోనని దిగలేదు, ఇప్పుడు ఊరూ పేరూ తెలీని ఆ తల్లి బిడ్డ కోసం దిగడం లేదు. ఈ వయసులో నాకిది కొత్త రోగం.

నేను బుధవారం బస్సుకి వస్తున్నాను. నువ్వు రానక్కరలేదు, నీ పని మానొద్దు. మారియప్పన్‌ని సెలవు సీటీ రాయించుకుని గేటు దగ్గర నిలబడమను. ఆడి పాత ఒప్పందం కాయితం కూడా ఆడి సేతిలో ఉండాలి. ఆణ్ణి పెద్ద దొర ముందుకి నేను తీసుకెల్తాను. తల్లి లేదు కదా ఆడికి, ఎవరో ఒక పెద్దది ఉండాలి.

మామ్మ